చలి సెలవుల హైకూకు ఊరూ తేదీ ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరులో మీ పిల్లల పేజీలో ‘చలి సెలవుల్లో రోజుకో హైకూ’ అని ఒక ప్రకటన వేశారు. సెలవులకు ఏ ఊరు వెళ్లినా ఒక నోటుపుస్తకం వెంట ఉంచుకుని రోజూ ఒక హైకూ, అంటే జపాను పద్ధతిలో మూడు చిన్న పాదాల కవిత, రాయాలనీ, బాగున్నవాటిని అచ్చువేస్తామనీ చెప్పారు. మంచి ఆలోచన. పిల్లల చేత పెన్సిలు పట్టించే పని ఎవరు చేసినా నేను వాళ్ల పక్షమే. నా పేచీ అంతా ఆ ప్రకటన కింద చిన్న అక్షరాల్లో వేసిన నిబంధనలతో. మూడు పాదాల్లో వరసగా 5, 7, 5 అక్షరాలు తప్పనిసరి అన్నారు. శీర్షిక పెట్టాలన్నారు. చివరి పాదంలో ‘చక్కని సందేశం’ ఉండాలన్నారు. నమూనాకు రెండు హైకూలు ఇచ్చారు. ఒకదానిలో చెర్రీ పూలు రాలాయి, రెండోదానిలో కప్ప బెకబెకమంది.

నేను అనకాపల్లిలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నదాన్ని. కాబట్టి ముందు లెక్క సంగతి తేల్చుకుందాం.

జపాను వాళ్లు లెక్కపెట్టే పదిహేడు మన అక్షరాలు పదిహేడు కాదు. టోక్యో అన్నది మనకు రెండు అక్షరాలు, వాళ్లకు నాలుగు. రెండు దీర్ఘాలున్నాయి కదా, ఒక్కొక్క దీర్ఘానికీ రెండేసి. వాళ్ల దేశం పేరు నిప్పొన్. మనకు రెండక్షరాలే. వాళ్లు ని, ప్, పొ, న్ అని విడివిడిగా నాలుగు పలుకుతారు. పత్రికను వాళ్లు షింబున్ అంటారు, అదీ నాలుగే. ఇప్పుడు మన ఛందస్సు తీసి చూడండి. హ్రస్వం లఘువు, ఒక మాత్ర. దీర్ఘమైనా, పక్కన సున్న ఉన్నా, పొల్లు ఉన్నా, తర్వాత ద్విత్వమో సంయుక్తమో వచ్చినా గురువు, రెండు మాత్రలు. టోక్యోకు రెండు గురువులు, నాలుగు మాత్రలు. నిప్పొన్‌కు నాలుగు, షింబున్‌కూ నాలుగే. అంటే వాళ్ల లెక్క మన మాత్రల లెక్కకు దగ్గర. తొమ్మిదో తరగతి తెలుగు వాచకం చదివినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది. పదిహేడు అక్షరాలు అన్నారంటే అది పదిహేడు మాత్రలూ కావచ్చు, అన్నీ గురువులే పడితే ముప్ఫయి నాలుగూ కావచ్చు. అంత తేడా వచ్చేదాన్ని కొలబద్ద అనరు.

దీనివల్ల నష్టం ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. మొన్న సంక్రాంతికి సూళ్లూరుపేటలో మా తమ్ముడి ఇంటికి వెళ్లాం. ఒక పొద్దున పక్షులను చూడడానికి కారులో బయలుదేరితే దారిలో రైల్వే గేటు వేసి ఉంది. ముందున్న మోటారు సైకిలు వెనక దీపం తప్ప ఏమీ కనబడనంత మంచు. రైలు వచ్చింది, వెళ్లింది, ఒక్క పెట్టె కూడా మా కంటపడలేదు. నా పుస్తకంలో ఇలా రాసుకున్నాను:

పొగమంచు
గేటు పడింది
రైలు రొద

మాత్రలు వేసి చూడండి. ఐదు, ఏడు, ఐదు. కావాలని కూర్చింది కాదు, అలా పడింది. అక్షరాల్లో అయితే నాలుగు, ఐదు, నాలుగు. మీ నిబంధన ప్రకారం చెల్లదు. వెనక సీట్లో మా మనవరాలు ఉంది. హైదరాబాదులో ఆరో తరగతి చదువుతోంది. మీ ప్రకటనను కత్తిరించి పుస్తకం అట్టకు అతికించుకున్న మనిషి. నా మూడు పాదాలూ తీసుకుని వేళ్లు మడిచి మీ లెక్కకు సరిచేసి చూపించింది:

పొగమంచులో
గేటు పడినదమ్మా
రైలు చూడవే

అక్షరాలు సరిపోయాయి. కానీ ఈ ‘అమ్మా’ ఎవరు? మంచులో కనబడని రైలును చూడమంటున్నది ఎవరిని? అది కూడా నవ్వింది, నేనూ నవ్వాను. ఖాళీ గళ్లు నింపడానికి అమ్మా, అయ్యా, చూడవే, లేవే అని పిలుపులు చేర్చడం పిల్లలకు క్షణంలో అలవాటవుతుంది, వదలడానికి ఏళ్లు పడుతుంది. పత్రిక తానే ఆ అలవాటు నేర్పకూడదు. లెక్క కావాలంటే మాత్రలు లెక్కపెట్టించండి. లేదంటే మూడు చిన్న పాదాలు అని వదిలేయండి. తెలుగులో హైకూ నిన్న మొన్న దిగుమతి అయిన సరుకు కాదు. 1990ల మొదట్లో గాలి నాసరరెడ్డి గారి అనువాదాలు, ఆ తర్వాత కాకినాడ ఇస్మాయిల్ గారి హైకూలు చదివిన తరం ఇంకా మీ పత్రిక కొంటోంది.

ఇక సందేశం. నాలుగు పాదాల నానీలో చివర ఒక చురకో, ఒక మాటో పడితే అందం. కవి ఎన్. గోపి గారు ఆ ప్రక్రియను తీర్చిందే అలా. హైకూలో ఆ స్థలం చదివేవాడిది. అక్కడ మనం నీతి కూర్చోబెడితే వాడు నిలబడాల్సి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది మాత్రం ఆ చెర్రీ పూలూ కప్పా. జపాను హైకూలో ప్రతి ఋతువుకూ కొన్ని మాటలుంటాయి. ఆ మాట పడగానే ఏ కాలమో తెలుస్తుంది. వాటిని ఋతువులవారీగా కూర్చిన నిఘంటువులున్నాయి, సాయిజికి అంటారు. వసంతం, వేసవి, శరత్తు, చలికాలం, వీటికి తోడు కొత్త సంవత్సరానికి విడిగా ఒక భాగం. ఆ లెక్కన చెర్రీ పూలు వసంతానివి. కప్ప కూడా వసంతానిదే. జపాను హైకూ మహాకవి బషో రాసిన కప్ప చెరువులో దూకింది వసంతంలో. మనకు కప్ప తొలకరి వానది. అంటే మీరు చలికాలపు డైరీకి నమూనాగా ఇచ్చిన రెండూ అక్కడా చలికాలానివి కావు, ఇక్కడా కావు.

మరి మన చలికాలపు మాటలేవి? ఈ ప్రశ్న మనవరాలిని అడిగితే అది ‘మంచు, చలి, దుప్పటి’ అని ఆగిపోయింది. అక్కడి నుంచి ఇంట్లో అందరం ఒక ఆటలా ఏరడం మొదలుపెట్టాం. సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె. పగిలిన మడమలు. మంకీ క్యాప్. తంపటి వేసిన తేగలు. గుమ్మడి పూలు గుచ్చిన గొబ్బెమ్మ. తెల్లవారకముందే గుడి మైకులో తిరుప్పావై. ఆకు దొన్నెలో వేడి కట్టుపొంగలి. రైలు పెట్టె నిండా నల్లబట్టలు, ఇరుముళ్లు. గోదావరి జిల్లాల్లో ఇళ్ల ముందు వేలాడదీసే కాగితపు నక్షత్రాలు. మా అల్లుడిది హైదరాబాదు, ఆయన తన వంతుగా నాంపల్లి నుమాయిష్ ప్రదర్శనను చేర్చాడు. జనవరి ఒకటిన మొదలయ్యేది చలికాలపు మాట కాక మరేమిటని ఆయన వాదన. ఒప్పుకున్నాను.

మనకు ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. జపాను 1873లో ఇంగ్లీషు కేలండరుకు మారింది. వాళ్ల పాత పద్ధతిలో వసంతం తొలి రోజుల్లో వచ్చే కొత్త సంవత్సరం ఒక్కసారిగా నడిచలికాలంలోకి వచ్చిపడింది. ఋతువుల మాటలు కొన్ని చోటు తప్పాయి. మన ధనుర్మాసం సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా డిసెంబరు మధ్యలో మొదలై సంక్రాంతితో ముగుస్తుంది. పిల్లల సెలవులు కూడా ఆ రెండు కొసల దగ్గరే. హరిదాసు, గంగిరెద్దు, భోగి పిడకలు, రేగుపళ్లు, అన్నీ ఆ నెలలోనే సర్దుకుని ఉన్నాయి. మెల్‌బోర్నులో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం సంక్రాంతి మండువేసవిలో పడుతుంది. వాళ్ల పిల్లలు రాసే సంక్రాంతి హైకూలో ఐస్‌క్రీము ఉంటే దాన్ని దిద్దకూడదు.

ఇప్పుడు ప్రయాణం సంగతి. మీ ప్రకటనలో ‘ప్రయాణంలో రాయండి’ అన్నారు కానీ ఎలా రాయాలో చెప్పలేదు. మేం చేసింది చెబుతాను, పనికొస్తే వాడుకోండి.

క్రిస్మస్ సెలవుల్లో అమ్మాయి, అల్లుడు, మనవరాలు, నేను అరకు వెళ్లాం. మావారు మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయారు. పొద్దున కిరండూల్ వెళ్లే రైలు ఎక్కాం. ఆ దారికి హైకూ పుట్టిన దేశంతో పాత చుట్టరికం ఉంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపానుకు వెళ్లడం కోసమే 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కు ఆ లైను వేశారు. కొండలు తొలిచి సొరంగాలు, లోయల మీద వంతెనలు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది.

మొదటిరోజు రాత్రి మనవరాలు రాసింది చూస్తే అది పర్యాటక శాఖ కరపత్రం. ‘అందాల అరకు లోయ, ప్రకృతి ఒడిలో, ఆనంద డోలికలు’. మీ నమూనాల ప్రభావం అని నా అనుమానం. నేను విమర్శించలేదు. పొద్దుటి నుంచి ఏం చూశావో వరసగా చెప్పమన్నాను, అంతే. ‘వంపులో మన రైలు ఇంజను మనకే కనబడింది అమ్మమ్మా’ అంది. ‘సొరంగం వచ్చినప్పుడల్లా అందరూ అరిచారు. ఒక అబ్బాయి సొరంగం అయిపోయాక కూడా అరుస్తూనే ఉన్నాడు.’

‘అదే రాయి’ అన్నాను.

సొరంగం అయిపోయింది
ఆ అబ్బాయి అరుపు
ఇంకా అవలేదు

ఇందులో చలికాలపు మాట లేదు కదా అని మీరు అడగవచ్చు. లేదు. జపాను పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. పైన ‘డిసెంబరు 27, బొర్రా గుహలు దాటాక’ అని రాసి ఉంది, నాకు అది చాలు. తేదీ వేసిన డైరీలో ఋతువు తేదీలోనే ఉంటుంది. అందుకే ఊరూ తేదీ కత్తిరించకండి అని ఇంతగా మొత్తుకుంటున్నాను.

పుస్తకం వాడకానికి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎడమ పేజీ సోరాది, కుడి పేజీ బషోది. సోరా ఎవరో పిల్లలకు మీ పేజీలో తప్పక చెప్పండి. బషో 1689లో జపాను ఉత్తరాది మారుమూలలకు కాలినడకన బయలుదేరినప్పుడు వెంట వెళ్లిన శిష్యుడు. ఆ ప్రయాణం దాదాపు ఐదు నెలలు సాగింది. బషో తన యాత్రా రచనను ఇంటికి చేరగానే రాసేయలేదు. ఏళ్ల తరబడి చెక్కాడు. ఆయన 1694లో పోతే పుస్తకం 1702లో అచ్చయింది. సోరా మాత్రం ఏ రోజుకు ఆ రోజు ఏ ఊళ్లో ఉన్నారో, వాన పడిందో లేదో, ఎవరి ఇంట బస చేశారో పొడిపొడిగా రాసుకున్నాడు. ఆ డైరీ 1943లో వెలుగు చూసింది. రెండూ పక్కపక్కన పెడితే గురువుగారు చాలాచోట్ల కథ కల్పించారని బయటపడింది. ఇచిబురి అనే ఊళ్లో ఒక సత్రంలో పక్కగదిలో వేశ్యలు బస చేశారనీ, వాళ్ల మాటలు విన్నాననీ, అప్పుడు చెప్పిన హైకూను సోరా చేత రాయించాననీ బషో రాశాడు. సోరా డైరీలో ఆ ఊసే లేదు. బషో గొప్పవాడు, సందేహం లేదు. కానీ లెక్కల టీచరుగా నా ఓటు సోరాకే.

మా ఎడమ పేజీలో ఇలాంటివి ఉంటాయి: ‘డిసెంబరు 28, అరకు, పొద్దున ఆరుంపావు. శాలువా మీద శాలువా. టీ పదిహేను రూపాయలు, గ్లాసు వేడికి ఆగి పట్టుకున్నాం. కొట్టు ముందు రాత్రి వేసిన చలిమంట ఆరిపోయింది. బూడిదలో ఒక కుక్క పడుకుంది. మనం వెళ్లగానే లేచింది.’ దీనికి ఎదురుగా కుడి పేజీలో మా అమ్మాయి రాసింది:

ఆరిన చలిమంట
బూడిదలోంచి లేచి
ఒళ్లు దులుపుకున్న కుక్క

ఎడమ పేజీ లేకుండా కుడి పేజీ రాదని మనవరాలికి ఆ పొద్దున అర్థమైంది. రాత్రి బసకు చేరాక గుర్తుచేసుకుని రాస్తే మళ్లీ ఒడి, డోలిక, సోయగం వచ్చేస్తాయి. టీ కొట్టు దగ్గర నిలబడి రాస్తే కుక్క వస్తుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి కాబట్టి నాలుగు మాటలకంటే ఎక్కువ ఎలాగూ రాయలేరు. ఒక చిన్న సలహా, జెల్ పెన్ను వద్దు. కాగితం మంచుకు చెమ్మగిల్లి సిరా అలుక్కుపోతుంది. పెన్సిలు మంచిది.

అల్లుడు మొదట ఈ వ్యవహారమంతా చూసి చిరునవ్వు నవ్వేవాడు. తిరుగు ప్రయాణంలో ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సుకు దారి ఇవ్వడం కోసం మా రైలును ఆపేశారు. ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి. అప్పుడు ఆయనే పుస్తకం అడిగి తీసుకుని రాశాడు:

గూడ్సు బండి
పోతూనే ఉంది
వేరుశనక్కాయలు అయిపోయాయి

ఆ తర్వాత నవ్వడం మానేశాడు.

వలిసె పూల మీద నేను ఎంత ప్రయత్నించినా ఏమీ రాయలేకపోయాను. కొండవాలు నిండా పసుపు, చాలావరకు పూత అయిపోవచ్చినా కొన్ని మళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. రోడ్డు పక్క మడిలో పూల మధ్య నిలబడి ఫొటో తీసుకోవడానికి మనిషికింత అని తీసుకుంటున్నారు. ఆ రోజు ఎడమ పేజీ నిండింది, కుడి పేజీ ఖాళీ. ఖాళీ పేజీని అలాగే ఉంచాం. రోజుకో హైకూ అన్నారు కదా అని ఏదో ఒకటి గీకి నింపడం నాకు ఇష్టం లేదు. మీ ప్రకటనలో ‘ఒక్కరోజు కూడా తప్పకుండా’ అన్న మాట కూడా తీసేయండి.

ఊళ్లు తిరగలేనివాళ్ల మాటేమిటి? హైకూ అన్న పేరు స్థిరపరిచిన జపాను కవి షికి క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టినవాడు. కదల్లేక, బయట మంచు ఎంత మందాన పడిందని పదేపదే ఇంట్లోవాళ్లను అడిగే మనిషి గురించి ఒక హైకూ రాశాడు. మా ఇంట్లో కదలనాయన మావారు. అరకు నుంచి ఫోను చేస్తే ఆయన కూడా ఒకటి చెప్పారు:

కొబ్బరినూనె సీసా
ఎండలో పెట్టి
కాకిని తోలుతున్నాను

ఆయన తలకు కొబ్బరినూనెతో పని పడి చాలాకాలమైంది. వంటింట్లో ఉన్న సీసా చూసి, మేం వచ్చేసరికి కరిగించి పెడదామని ఎండలో పెట్టారట. నాకు ఇది చాలా నచ్చింది, ఆయనతో మాత్రం అనలేదు.

అరకు నుంచి వచ్చాక ఊళ్లోనే మరో ప్రయాణం చేశాం. మా అనకాపల్లి చుట్టుపక్కల చలికాలమంతా బెల్లం వండుతారు. ఊరి బయట ఒకచోట మనవరాలిని తీసుకెళ్లాను. చెరకు రసం పోసిన పెద్ద ఇనుప పెనం, కింద ఎండిన పిప్పి మంట. తెట్టు తీస్తుంటారు, రంగు మారుతుంటుంది. ఒక పెద్దాయన పాకాన్ని కొంచెం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండచేసి చూసి ‘ఇంకా లేదు’ అంటాడు. మళ్లీ చూసి మళ్లీ అదే అంటాడు. ఆయన అలా అంటున్నంతసేపూ అక్కడ ఎవరూ కదలరు. మనవరాలు పాకం గురించి రాస్తుందనుకున్నాను. అది రాసింది ఇది:

బెల్లం వంట
తాత కళ్లద్దాలు తుడిచి
మళ్లీ తుడిచి

ఆవిరి అన్న మాట లేకుండా ఆవిరి వచ్చింది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను, పాఠమూ చెప్పలేదు.

సూళ్లూరుపేటలో శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగానే సాగుతుంది. రెండువైపులా నీళ్లు. దూరాన ఒక గులాబి గీత, అదే ఫ్లెమింగోల గుంపు. అక్కడివాళ్లు రాజహంసలంటారు. మా తమ్ముడి కొడుకు దగ్గర బైనాక్యులర్స్ ఉంటే తీసుకుని చూశాం. మెడ కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లూ బురదా లోపలికి లాగి వడకట్టి తింటుంది. పాలూ నీళ్లూ వేరుచేసే హంసను కవులు చెప్పగా విన్నదాన్ని. ఈ హంస చేసే పని బురదలోంచి తిండి వేరుచేయడం. నాకు ఇదే ఎక్కువ గౌరవంగా తోచింది.

ముక్కు తలకిందులు
బురద వడకట్టుకుంటూ
రాజహంస

మర్నాడు నేలపట్టు వెళ్లాం. గూడబాతులు చెట్ల నిండా గూళ్లు పెట్టాయి. జనం సెల్‌ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. అక్కడ చెప్పుకోదగ్గది ఏమీ రాయలేదు. అంతకుముందు భోగినాడు మాత్రం మరదలి వాకిట్లో హరిదాసు వచ్చి, తలమీది పాత్ర దించకుండా మోకాళ్ల మీద వంగితే మనవరాలు బియ్యం పోసింది. ఆయన వెళ్లాక అది ఇంట్లోకి రాకుండా గడప దగ్గరే కూర్చుంది. ఏమిటే అంటే పెన్సిలు తెమ్మంది.

హరిదాసు వెళ్లాక
ముగ్గు మీద
నాలుగు బియ్యం గింజలు

ఇప్పుడు ఫిర్యాదు. ఈ పిల్ల ఇంతా చేసి మీకు ఒక్క హైకూ పంపింది. అరకు బయలుదేరే ముందు నా ట్రంకుపెట్టె తీసినప్పుడు రాసింది.

పెట్టె తెరిస్తే
కలరా ఉండల వాసన
అమ్మమ్మ స్వెటర్

మీరు అచ్చువేశారు, సంతోషం. అచ్చులో మాత్రం అది ఇలా ఉంది. శీర్షిక ‘శీతాకాల సౌరభం’. ‘పెట్టె తెరవ, శీత పరిమళాలు, ఎంత హాయిలే’. లెక్క సరిగ్గా ఐదు, ఏడు, ఐదు. కలరా ఉండలు పోయాయి, అమ్మమ్మ పోయింది, స్వెటర్ కూడా పోయింది. కలరా ఉండల వాసన హాయిగా ఉందన్న మనిషిని నేను నా జీవితంలో చూడలేదు. పిల్ల పేరూ తరగతీ సరిగ్గానే వేశారు. తన పేరు కింద తను రాయనిది చూసి అది నన్ను, ‘నేను రాసింది తప్పా అమ్మమ్మా?’ అని అడిగింది. దీనికి సమాధానం మీరు చెప్పాలి. దిద్దిన ఉపసంపాదకులు ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మీ నిబంధనలకు కట్టుబడి ఆయన పని ఆయన చేశారు.

పత్రికకూ హైకూకూ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదని మీకు గుర్తుచేయాలి. షికి వృత్తిరీత్యా పత్రికవాడు. 1892లో ‘నిప్పొన్’ పత్రికలో చేరి, అందులోనే హైకూ గురించి వాదించాడు, కొత్తవాళ్లను ప్రోత్సహించాడు. కళ్లతో చూసింది చూసినట్టు గీయమన్నాడు. ఇప్పటికీ జపానులో అసాహి వంటి పెద్ద పత్రికలు వారం వారం పాఠకుల హైకూలు ఎంచి వేస్తాయి. జనం పోస్టుకార్డుల మీద రాసి పంపుతారు. మన దగ్గరా యాత్రకూ హైకూకూ ముడి ముందే పడింది. రవీంద్రనాథ టాగోర్ 1916 జపాను ప్రయాణం గురించి బెంగాలీలో రాసిన యాత్రాకథనంలోనే బషోను అనువదించి చూపించాడు. చలికాలం, ప్రయాణం అంటారా, బషో 1687లో చలికాలం తొలినెలలోనే ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి బయలుదేరాడు. తనను బాటసారి అని పిలవమంటూ ఆ ప్రయాణానికి ముందు వీడ్కోలు వేళ రాసిన హైకూలో చలికాలపు తొలి జల్లు ఉంది. ఏడేళ్ల తర్వాత ఒసాకాలో ప్రయాణం మధ్యలో జబ్బుపడి రాసిన చివరి హైకూలో ఎండిన బీళ్లున్నాయి. రెండూ వాళ్ల నిఘంటువులో చలికాలపు మాటలే. ఆయన చెర్రీ పూలు అరువు తెచ్చుకోలేదు.

నేను కోరేవి ఎక్కువేమీ కావు. శీర్షిక అడగకండి. సందేశం అడగకండి. అక్షరాల లెక్క మానేయండి, లేదా మాత్రలకు మార్చండి. ప్రతి హైకూ మీద రాసిన ఊరు, తేదీ ఉండాలని నిబంధన పెట్టండి. పిల్లల మాటను పెద్దమాటగా మార్చకండి. పనికిరానిదైతే వేయకండి, వేస్తే ఉన్నది ఉన్నట్టు వేయండి. సంక్రాంతితో ఆపకుండా రథసప్తమి వరకు కొనసాగించండి, అప్పటికి గానీ చలి పోదు. ఒక మూల చిన్న గడి కట్టి ‘మన ఊరి చలికాలపు మాటలు’ అని పాఠకులను అడగండి. ఆదిలాబాదు చలికి ఉండే మాటలు మా విశాఖ వైపు ఉండవు. రాయలసీమలో ఈ నెలల్లో ఏం పండుతుందో, ఏం కాల్చుకు తింటారో వాళ్లే చెప్పాలి. రెండు మూడేళ్లు ఇలా ఏరితే మనకూ ఒక సాయిజికి తయారవుతుంది. దానికి తెలుగులో పేరు మీరే పెట్టండి, నాకు పేర్లు పెట్టడం చేతకాదు. మాటలను జిల్లాలవారీగా, అకారాదిగా వేరుచేసి పెట్టే పని కావాలంటే నేను చేస్తాను. జీతం అక్కర్లేదు, వచ్చిన పోస్టుకార్డులు కట్టకట్టి పంపితే చాలు.

భవదీయురాలు,
విశ్రాంత గణితోపాధ్యాయిని,
అనకాపల్లి